ఉడ్‌ల్యాండ్స్ దాకా

"ఆ స్టూలు మీద కూర్చోకు తంబీ. మనిషి ఉంది."

మనిషి లేదు. ఓ టిష్యూ ప్యాకెట్ ఉంది.

సింగపూర్‌లో స్టూలు మీద టిష్యూ ప్యాకెట్ పెడితే చోప్ చేసినట్టే, ఆ చోటు మనదైనట్టే. ఎంతటివాడైనా దాన్ని కదపడు.

సెంబవాంగ్‌లో అపార్ట్‌మెంటు బ్లాకుల కింద కాఫీ షాపు. ఆదివారం పొద్దున. వేరే చోటు లేదు. కృష్ణప్రసాద్ విసుక్కుంటూ, ఆ మాటన్న ముసలాయనకి ఎదురుగా కూర్చున్నాడు. తన పక్క స్టూలు మీద లాప్‌టాప్ సంచి పెట్టాడు. సంచికి అవతల సత్యవాణి కూర్చుంది.

మొగుడూ పెళ్లాలే. మధ్యలో సంచి.

"మోటర్‌హోమా, ట్రెయిలరా? ఏదో ఒకటి చెప్పు. బుక్ చెయ్యాలి."

"నీ ఇష్టం."

"అలా అనకు. తర్వాత నన్నే అంటావు."

పెర్త్‌లో మొదలుపెట్టి ఆస్ట్రేలియా పడమటి తీరం వెంట నెల రోజుల ప్రయాణం. సరదాకి కాదు. ఇంట్లో మాటలు ఎండిపోయి చాలా కాలమైంది. తిరిగొచ్చాక కూడా ఇంతే అయితే ఎవరి దారి వాళ్లు చూసుకోవాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఈ మధ్య వాళ్లు కలిసి ఒప్పుకున్నది అదొక్కటే.

"మోటర్‌హోమే," అంది సత్యవాణి. "బండీ ఇల్లూ ఒకటే. నువ్వు నడుపుకో. వెనక బల్ల దగ్గర సీటుంది, బెల్టుంది. నా ఆఫీసు పని నేను చేసుకుంటా."

"సరే. నాకూ హాయి."

"ట్రెయిలర్ తీసుకోండి," అన్నాడు ముసలాయన, టీలో రొట్టె ముంచుతూ.

ఇద్దరూ తలెత్తారు.

"అంకుల్, మీకు తెలుగొచ్చా?"

"మా తాతది విశాఖపట్నం. ఇక్కడ నేవల్ బేసులో కూలికొచ్చాడు. నా పేరు సూరిబాబు."

"ఏ ట్రెయిలరో తెలుసా అంకుల్? ఫిఫ్త్ వీల్ అంటారు. ముందు పికప్ ట్రక్కు. దాని వీపు మీద కొక్కెం. కొక్కేనికి ఇల్లంత డబ్బా. రివర్స్ చెయ్యాలంటే దేవుడు దిగిరావాలి."

"బండి పోతుంటే ఆ డబ్బాలో మనిషి కూర్చోవచ్చా?"

"కుదరదు. పోలీసులు ఊరుకోరు."

"అందుకే అదే తీసుకోండి. ఇద్దరూ ముందే కూర్చోవాలి. పక్కపక్కన. తప్పదు."

కృష్ణప్రసాద్‌కి ఒళ్లు మండింది.

"మీరెప్పుడైనా బండి నడిపారా?"

"కొంచెం."

"కొంచెం అంటే? ఈ పక్కనున్న ఉడ్‌ల్యాండ్స్ దాకానా?"

ముసలాయన నవ్వాడు. "ఆమా తంబీ. ఉడ్‌ల్యాండ్స్ దాకా."

"మా సంసారం మేం చూసుకుంటాం అంకుల్. మీరు మీ టిష్యూ ప్యాకెట్‌ని చూసుకోండి."

అనకూడని మాటే. అనేశాడు.

 సూరిబాబు ఓ పక్కకి జరిగిన ప్యాకెట్‌ని సరిగ్గా పెట్టాడు. కాసేపటికి లేస్తూ మెల్లిగా అన్నాడు.

"సంచి కింద పెట్టు తంబీ. అది టీ తాగదు."

ఆ పూట బుకింగ్ కాలేదు. ఆ తర్వాతా కాలేదు.

పెర్త్‌లో అద్దె బళ్ల యార్డుకి వెళ్లేసరికి రెండూ పక్కపక్కనే నిలబెట్టి ఉన్నాయి. కృష్ణప్రసాద్ మోటర్‌హోమ్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. సత్యవాణి వెనక బల్ల దగ్గర కూర్చుని బెల్టు పెట్టుకుంది.

అక్కణ్నుంచి మొగుడి తల వెనకభాగం కనిపించింది.

ఇంట్లో ఇన్నేళ్లుగా తను చూస్తున్నదీ అదే.

బెల్టు తీసేసి దిగింది. "ట్రెయిలర్," అంది.

రివర్స్ చెయ్యడం అతనికి చివరిదాకా రాలేదు. ఆవిడ దిగి, చేతులూపుతూ, కేకలేస్తూ వెనక్కి రప్పించేది. ఇంట్లో వాళ్లు కేకలేసుకునేవాళ్లు కూడా కాదు. దానికైనా మాట్లాడాలి కదా!

మొదటిరోజు మౌనం. తర్వాత పోట్లాట. పాతవీ కొత్తవీ అన్నీ బయటికొచ్చాయి. పారిపోవడానికి వెనక గది లేదు. అద్దంలోంచి ఒకటే రోడ్డు, ఇద్దరూ దాన్నే చూడాలి.

ఎక్కడో ఎర్రమట్టి నేల మధ్య ఆవిడ కమలాపండు ఒలిచి, ఓ తొన అతని నోటికి అందించింది. అతను ఏడ్చాడు. కళ్లు రోడ్డు మీద ఉన్నాయి కాబట్టి ఏడవగలిగాడు.

తిరిగొచ్చిన ఆదివారం తేనెసీసా పట్టుకుని కాఫీ షాపుకి వెళ్లారు. సంచి తీసుకెళ్లలేదు.

ఆ బల్ల దగ్గర ముసలాయన లేడు. ఆయన స్టూలు మీద ఓ టిష్యూ ప్యాకెట్. పక్క స్టూలు మీద ఇంకోటి.

"సూరిబాబు అంకుల్ రాలేదా ఆంటీ?" సత్యవాణి టీ కొట్టు కుమారమ్మని అడిగింది. "ఆయన మాట విన్నామని చెప్పాలి."

"పోయాడమ్మా. మొన్ననే. మనసొప్పక రెండు చోట్లూ నేనే చోప్ చేసి ఉంచా."

తేనెసీసా సత్యవాణి చేతిలోనే ఉండిపోయింది.

"రెండోది..."

"ఆయన పెళ్లానిది."

 కృష్ణప్రసాద్ అడిగాడు. "ఆయన... బండి నడిపేవారా?"

"వయసంతా అదే పని. మలేషియాలో కేమరన్ కొండల నుంచి ఇక్కడికి కూరగాయల లారీ. ఆవిడ ఎప్పుడూ ముందు, పక్క సీట్లోనే. ఒక్కసారి తల తిరుగుతోందంటే, సీటు వెనక బల్ల మీద పడుకోమని తనే పంపాడు."

కుమారమ్మ బల్ల తుడుస్తూ, ప్యాకెట్లు కదలకుండా గుడ్డ చుట్టూ తిప్పింది.

"నిద్రపోతోందనుకుని దారంతా ఆవిడతో కబుర్లు చెబుతూనే నడిపాడు బాబూ, సరిహద్దు దగ్గర ఉడ్‌ల్యాండ్స్ చెక్‌పోస్టులో పాస్‌పోర్టు అడిగితే లేపబోయి చల్లబడ్డ చెయ్యి పట్టుకునేదాకా."