ఒప్పుకోనివాళ్లు

దేవకి డాక్టరు గది తలుపు తట్టబోతుంటే, వరండాలో కూర్చున్న ముసలామె చటుక్కున లేచి చెయ్యి పట్టుకుంది.

“ఒంటిగా పోవద్దు పాపా.”

వెంట వచ్చిన అన్న ఆదికేశవులుకు ఒళ్లు మండింది. మొగుడు పోయినప్పటినుంచి చెల్లెలికి నిద్ర లేదు. మగ్గం ఆపుకుని, పొదటూరుపేట నుంచి తిరువళ్ళూరులోని ఈ మనసు డాక్టరు దగ్గరికి వారం వారం పిలుచుకొస్తున్నాడు. మధ్యలో ఈమెవరు?

“ఎందుకు పోగూడదు?”

ఆమె చేతిలోని అరవ పేపరు చూపించింది.

“మనసు డాక్టర్లను సర్వే చేసినారు నాయనా. వైద్యానికొచ్చిన ఆడోళ్ల మీద చెయ్యేసినామని వందకు అయిదుగురు ఒప్పుకున్నారు.”

“మిగతా తొంభై అయిదుగురు మంచోళ్లే గదా! మా డాక్టరు దేవుడు.”

“అది ఒప్పుకున్నోళ్ల లెక్క నాయనా, తప్పు చేసినోళ్ల లెక్క గాదు. సగంమంది జవాబే ఇయ్యలేదు. ఆడోళ్లనైతే ఎవురూ అడగనే లేదు.”

“సుమ్మా ఉండు, నోరు ముయ్యి! దేవకీ, నువ్వు లోపలికి పో.”

ముసలామె తలుపుకు అడ్డంగా నిలబడింది.

ఆదికేశవులు రెక్క పట్టి ఈడ్చేశాడు. మళ్లీ వచ్చి నిలబడింది. చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది.

“నన్ను కొట్టు నాయనా. పాపను మాత్రం పంపొద్దు.”

“పిచ్చిది. నెట్టెయ్యన్నా!” అన్నారు వరండాలో కూర్చున్నవాళ్లెవరో.

రెండు చేతులతో తోసేశాడు. ఆమె తల రాతి స్తంభానికి కొట్టుకుంది. జారి నేలమీద పడింది. తెల్లజుట్టు కింద నెత్తురు మడుగు కట్టింది.

“కొట్టొద్దన్నా!” దేవకి గొంతు చించుకుంది. “ఆమె చెప్పేది నిజం. నన్ను గూడా... నువ్వు దేవుడంటా ఉంటివి, నీకెట్ల చెప్పేది?”

ఆదికేశవులు గిర్రున తిరిగాడు. మరుక్షణం తలుపు మీద తన్నాడు.

గొడవకు లేచి వస్తున్న డాక్టరు వరదరాజులు ముఖాన గుద్దాడు. పడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు. కుర్చీ ఎత్తి వీపున విరగ్గొట్టాడు.

“అమ్మా!” అని అరిచాడు డాక్టరు.

దెబ్బకు అరిచాడనుకుని ఆదికేశవులు మళ్లీ కాలెత్తాడు. కాని డాక్టరు చూపు అతని మీద లేదు. తెరిచిన తలుపులోంచి వరండాలోకి చూస్తున్నాడు.

పాక్కుంటూ వెళ్లాడు. ఊపిరి ఆగిన ఆ ముసలామె తలను ఒళ్లోకి తీసుకున్నాడు.

“తిరుత్తణిలో ఇంట్లోనే ఉండమంటిని గదా, ఎందుకొచ్చినావమ్మా?” అన్నాడు.