నాలుగో నంబరోడు

"ఆ టోపీ కింద పెట్టబ్బా. అది అమ్మేది కాదు."

సుందరరాజు గొంతులోని విసురుకు గుండాయన ఉలిక్కిపడ్డాడు.

తిరుపతి బస్టాండు ఎదురుగా సుందరరాజుకు టోపీల అంగడి ఉంది. కొండ దిగి వచ్చిన గుండ్లకు ఎండ తగలకుండా టోపీలు అమ్మడం పద్దెనిమిదేళ్ళుగా ఆయన బతుకుదెరువు. ముఖాలు చూడడం ఎప్పుడో మానేశాడు. తల సైజు చూస్తాడు, టోపీ తీస్తాడు, అంతే.

ఈ తలకాయ మాత్రం మెట్టు పక్కన దుమ్ములో పడున్న నీలం టోపీల కుప్పలో చెయ్యి పెట్టింది.

"ఎందుకన్నా అమ్మవు? బాగుండాయి కదా," అన్నాడు గుండాయన. గుండు నిండా గంధం. ముప్పై అయిదేళ్ళుంటాయేమో.

"పులికాట్ జట్టు టోపీలబ్బా అవి. కాళ్ళు తుడుచుకునేదానికి పెట్టుకున్నా."

వాటిని కుట్టించిందీ ఆయనే. కొడుకు గిరిని పులికాట్ ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్‌గా తీసుకున్న రోజు, దేశంలోకెల్లా పెద్ద లీగులో నా కొడుకు ఆడబోతున్నాడని వీధంతా చాటి మరీ కుట్టించాడు.

సీజనంతా గిరి బెంచీ మీదే కూర్చున్నాడు. ఆఖరి మ్యాచికి పెద్ద కీపరు మోకాలు దెబ్బతింటే, పంతొమ్మిదేళ్ళ గిరికి పిలుపొచ్చింది. డ్రా చేసుకున్నా చాలు, జట్టు పెద్ద లీగులో నిలబడేది. అయిదు నిమిషాలుందనగా సొంత జట్టువాడే, నాలుగో నంబరు చొక్కా వాడు, బంతిని తమ గోల్లోకే తన్నుకున్నాడట.

జట్టు కింది లీగుకు పడిపోయింది. గిరి ఇంటికొచ్చి గదిలో పడుకున్నాడు. పది రోజులైంది, గ్లవ్స్ ముట్టలేదు. గోవా నుంచి ఇంకో క్లబ్బు రమ్మంటే పోనంటున్నాడు. గడువు రేపటితో సరి.

"గిరి మీవాడే కదన్నా?" అడిగాడు గుండాయన.

"మావాడే. ఎనభై అయిదు నిమిషాలు ఒక్క బంతి ఇడిసిపెట్టలా. బంగారం సేతులబ్బా అవి!"

"నిజమేనన్నా. బంగారం చేతులే."

ఆ మాటతో సుందరరాజు ఇంకాస్త రెచ్చిపోయాడు.

"మరి ఆ బంగారాన్ని బురదలో తొక్కినాడే, ఆ నాలుగో నంబరోడు! కెప్టెనంట. పేరు సూస్తే యతిరాజు. జుట్టు ముడేసుకోని, తలకు పట్టీ కట్టుకోని ఎగిరేది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా? అమ్ముడుపోయినాడు ఎదవ!"

"ఆ పొద్దు వాన కదన్నా. బంతి జారి..."

"బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టద్దబ్బా!"

ఎదురుగా నిలబడిందే బోడిగుండని కూడా చూసుకోలేదు సుందరరాజు.

"వాన వానికొక్కనికే పడిందా? పైగా టీవీవోళ్ళు మైకు పెడితే, 'నా కాలికి తగిలే పోయింది, తప్పు నాదే' అని చెప్పినాడు. మొకాన సిగ్గూ శరం ఉంటే కదా! థూ!"

నిజంగానే ఉమ్మేశాడు. అది గుండాయన చెప్పు పక్కనే పడింది.

ఊరికే తిట్టడం కాదది. పది రోజులుగా ఆ మనిషి గుర్తొస్తే చాలు, సుందరరాజుకు ముద్ద దిగేది కాదు. పళ్ళెంలో అన్నం పళ్ళెంలోనే వదిలేసి లేచేవాడు. అంత రోత.

గుండాయన కాలు కొంచెం పక్కకు జరుపుకున్నాడు. కోపం మాత్రం రాలేదు.

"గిరి ఈడికేమన్నా వస్తాడా అన్నా? రెండు మాటలు చెప్పి పోదామని."

"యాడికీ రాడు. గది దాటితే కదా! నువ్వెవురో నాకు తెల్దు కానీ, ఫుట్‌బాలనే మాట ఎవురి నోట విన్నా నాకు అసహ్యంగా ఉండాది. పో సామీ, యాపారం టైము."

గుండాయన వంగి, కుప్పలోంచి మళ్ళీ ఒక నీలం టోపీ తీశాడు.

"సరేనన్నా. గోవాకు మాత్రం పంపించు. ఆడాల్సినోడు. ఈ టోపీ ఒకటి ఇస్తావా?"

"అంత ముచ్చటైతే తీసుకోని పో! నాకు దరిద్రం వదుల్తాది."

గుండాయన నీలం టోపీ దుమ్ము దులిపి తలకు పెట్టుకున్నాడు. రోడ్డు దాటి, కదులుతున్న చెన్నై బస్సు ఎక్కేశాడు.

పావుగంట గడిచిందో లేదో, గిరి వచ్చాడు. భుజాన బ్యాగు. గడ్డం గీసుకున్నాడు.

సుందరరాజుకు ప్రాణం లేచొచ్చింది. "ఏం నాయనా, బయటికొస్తివి?"

"గోవాకు పోతా నాయనా. పోయే ముందర నీకొక నిజం చెప్పాల."

"ఏంది?"

గిరి తల దించుకున్నాడు.

"ఆ బంతి యతిరాజన్న కాలికి తగల్లా. నా సేతుల్లోంచే జారి, నా కాళ్ళ సందున పోయింది. ఆయన ఎనకనించి వచ్చి నా మీద పడినాడు, అందుకే ఎవురికీ కనపళ్ళా. 'నేను ఆట మానేసేవాణ్ణి, నువ్వు మొదలుపెట్టేవాడివి, నోరెత్తద్దు' అని సెవిలో చెప్పి, ఆ గోలు తన పేరునే రాయించుకున్నాడు."



గిరి రోడ్డుకు ఆ పక్కా ఈ పక్కా చూశాడు.

"నేను మళ్ళా ఆడాలని మొక్కుకున్నాడంట నాయనా, పొద్దున్నే కొండమీద తలనీలాలిచ్చి నేరుగా మన అంగడి కాడికే వస్తానని ఫోన్ చేసినాడు... ఇంకా రాలేదా?"