తలనీలాల వాయిదా

కువైట్‌లో జబ్బుపడ్డ భర్త సూరిబాబు గండం గట్టెక్కితే తలనీలాలిస్తానని కుసుమ వాడపల్లి వెంకన్నకు మొక్కుకుంది. అతను కోలుకున్నాడు. ఈ రాత్రి విమానంలో వస్తున్నాడు.

"మొక్కు తీరకుండా ఈ సోకులేంటమ్మా?" అంది అత్త మంగాయమ్మ, అద్దం ముందు ముస్తాబవుతున్న కోడలితో.

"ఆయన ఒక్కసారి చూసేక ఇచ్చేస్తానండీ, అత్తయ్యగారూ! గుమ్మంలో గుండుతో కనబడితే మళ్లీ కువైట్ పారిపోతారు."

నవ్వుతూనే వేడిగాలి బ్రష్ స్విచ్ నొక్కింది. అది గిర్రున తిరుగుతూ జుట్టును చుట్టుకుంది. తీసి చూస్తే, బ్రష్‌కు అంటుకున్నవి పొట్టి వెంట్రుకలు. ఉంగరాలు తిరిగి, సగం నెరిసి ఉన్నాయి.

"ఇవి మా అబ్బాయివే," అంది మంగాయమ్మ.

కుసుమ ప్లగ్ పీకేసింది. అయినా బ్రష్ తిరుగుతూనే ఉంది. తిరిగినకొద్దీ ఆ వెంట్రుకలు గుత్తులుగా పేరుకుంటున్నాయి. "ఇదిగో నీ మొక్కు, స్వామీ!" అంటూ ఆమె కత్తెర అందుకుని, తన జుట్టంతా కుదుళ్లకంటా కత్తిరించేసింది.

బ్రష్ ఆగలేదు.