ఎడమ కాలి బలం

"సార్‌ను అడగకుండ ఈ బండి మీద చెయ్యి పెట్టను మేడం," అన్నాడు అజీమ్ భాయ్, వేళ్ల గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ.

మంజూషకు ఒళ్లు మండింది. శ్రీనగర్ కాలనీ నుంచి పంజాగుట్టలోని ఈ షెడ్డు దాకా వచ్చేసరికి కారు నాలుగుసార్లు ఆగిపోయింది. వెనకవాళ్ల హారన్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. ఎడమ పిక్క రాయిలా బిగుసుకుంది.

"సార్ బెంగళూర్ల ఉన్నడు భాయ్. రేపొస్తడు. వచ్చేసరికి నేను బండి నడుపుకుంట ఎదురు పోవాలె. క్లచ్ జర మెత్తగ చెయ్యండి, అంతే."

"ఇది మామూలు బండి కాదు మేడం, స్పీడ్ కోసం చేసింది. పెడల్ గట్టిగుంటెనే క్లచ్ ఎక్కడ పట్టుకుంటదో కాలికి తెలుస్తది. షోకున్నోళ్లు గదే మజా అంటరు."

"నాకు మజా వద్దు. రోజు ఘట్‌కేసర్ పోయి రావాలె."

ఘట్‌కేసర్ అవతల ఒక కాలేజీలో ఆమెకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. అటు మెట్రో పోదు. చేరుతుందో లేదో ఈ సాయంత్రం ఐదులోగా చెప్పాలి. 'నీ కాలికి ఈ బండి లొంగదు మంజూ, ఇంటి దగ్గర్ల ఏదన్న చూస్కుందాం' అన్నాడు భర్త విక్రమ్. కసురుకోలేదు పాపం. ఆదివారం ప్రాక్టీసు అయ్యాక ఆమె పాదం ఒళ్లో పెట్టుకుని పిక్కకు బామ్ రాస్తాడు. పెళ్లయి అయిదు నెలలే. ఆ బామ్ వాసన తగిలితే చాలు, ఆమెకు ఊరికే నవ్వొస్తుంది. కాళ్లు పట్టే మొగుడు నీకు దొరుకుతాడా అని చెల్లెల్ని ఫోన్లో ఉడికించింది కూడా.

"మీరే నొక్కి చూడండి," అంది.

అజీమ్ భాయ్ సీట్లో కూర్చుని ఒక్కసారి నొక్కి, దిగిపోయాడు. ఆమె వైపు చూడలేదు.

"నడపంగ నడపంగ అలవాటైతది."

"లైసెన్స్ స్కూల్ బండి మీద తీసుకున్న. దీని మీద మూడు నెలల్నుంచి అదే పని. ఊర్ల ఆడోళ్లందరు నడుపుతున్నరు. నా కాలే పనికిరాదు."

"అట్లనకండి."

"మరెట్ల అనాలె? పోనీ ఇంకో షెడ్డుకు పోత."

"వద్దు," అన్నాడతను గబుక్కున. తర్వాత గొంతు తగ్గించి, "చాయ్ తాగుతరా?" అని అడిగాడు.

చాయ్ వచ్చింది. మంజూష ముట్టుకోలేదు. ఫోన్ తీసి టైపు చేయసాగింది. అక్షరాలు మసకబారుతుంటే చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"ఏం రాస్తున్నరు?"

"కాలేజీకి. చేరలేను, కారు నడపరాదు అని."

అజీమ్ భాయ్ గ్లాసు కింద పెట్టాడు. "జర ఆగు బిడ్డా. పంపకు."

లోపలికి వెళ్లి, చిన్న స్ప్రింగ్ ఒకటి పట్టుకొచ్చాడు. స్టీరింగ్ కింద తలదూర్చి, పావుగంట సేపు పెడల్ వెనక ఏదో బిగించాడు.

"ఇప్పుడు నొక్కు."

పులిసిన దోసెల పిండిలోకి గరిటె దిగినట్టు దిగింది పెడల్. నమ్మకం కుదరక మళ్లీ నొక్కింది, మళ్లీ. అమీర్‌పేట మెట్రో దాకా వెళ్లి, పిల్లర్ల పక్కనుంచి తిప్పుకుని వచ్చింది. సిగ్నళ్ల దగ్గర, ఎత్తుల మీద, ఒక్కచోట కూడా ఇంజను ఆగిపోలేదు. మధ్యలో ఒక ఆటో అడ్డంగా దూరితే తిట్టడానికి బదులు నవ్వి దారిచ్చింది. షెడ్డు ముందు కారు ఆపి, కాలేజీకి సోమవారమే చేరుతున్నానని రాసి పంపేసింది.

"కొత్త స్ప్రింగ్ వేసిన్రా భాయ్? ఎంతివ్వాలె?"

"ఏం వద్దు."

"అట్లెట్ల? చూడున్రి, రేపు విక్రమ్‌కు చెప్తే మీకు చేతులెత్తి దండం పెడ్తడు."

అజీమ్ భాయ్ తలెత్తలేదు. గుడ్డతో వేళ్లు మళ్లీ మళ్లీ తుడుచుకున్నాడు.

"కొత్తది కాదు బిడ్డా, మీ బండిదే. నీకు లైసెన్స్ వచ్చిందని మాకందరికి మిఠాయి పంచిన రోజే, 'ఇగ ఆమె నడపకుండ చెయ్యి భాయ్' అని సారే దీన్ని తీయించిండు."