ఎండ తగలని మార్నింగ్ వాక్

"మా ఆయన ఏడాదిగా రోజూ గంటసేపు ఎండలో నడుస్తున్నారు డాక్టర్ గారూ. అయినా పొట్టా పెరిగింది, షుగరూ పెరిగింది," అంది ఆవిడ.

డాక్టరమ్మ రిపోర్టు చూసింది. "లావుగా ఉన్నవాళ్లలో విటమిన్ డి తక్కువగానే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లలోనూ ఈ లోటు తరచూ చూస్తాం. కానీ మరీ ఇంత తక్కువా? ఈయన ఎండ మొహం చూసి ఎన్నాళ్లయిందో."

ఆవిడ మొగుడివైపు తిరిగింది. "అయితే పొద్దున్నే బూట్లేసుకుని ఎవతె కొంపకి పోతున్నారు?"

డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. ఇలాంటి కేసు రోజూ రాదు.

"పక్కవీధికే. మీ అమ్మ ఇంటికి," అన్నాడాయన. "వాళ్ల వంటింట్లోకి ఎండ రాదు."

తల్లీకూతుళ్లకి మాటల్లేక రెండేళ్లయింది. ఆవిడ సంచీ తీసుకుని విసురుగా లేచింది. గుమ్మందాకా వెళ్లి ఆగిపోయింది.

"నా గురించి అడుగుతుందా?" అంది మెల్లగా.

"రోజూ అడుగుతుంది. నీ కబుర్లన్నీ అయిపోయేదాకా వడ్డిస్తూనే ఉంటుంది."