బెన్నీ కప్పుల బీరువా

ముగ్గురూ కొట్లోకి వస్తూనే బీరువా మీద పడ్డారు.

ముందున్నవాడు ఇనుపరాడ్డు ఎత్తి కొట్టాడు. ఎడమ తలుపు అద్దం భళ్ళున పగిలింది. రెండో దెబ్బకి కుడి తలుపు అద్దమూ పోయింది. పొద్దున్నే గాడుల్లో కూర్చోబెట్టిన అద్దాలు. పున్నయ్య కాళ్ళ చుట్టూ ముక్కలు చెదిరాయి.

"ఎవరయ్యా మీరు? ఏంటిది?"

"జాన్సన్ని. భట్టిప్రోలు నుంచి వచ్చా. ఈ బీరువా చేయిస్తున్న ఆడది ఎక్కడుంది?"

పున్నయ్యకి అర్థమైంది.

నెల కిందట రూతు రేపల్లెలోని అతని వడ్రంగి కొట్టుకి వచ్చింది. పెదవి చిట్లి ఉంది. కన్ను కింద కమిలి ఉంది.

"టేకుతో అద్దాల బీరువా కావాలన్నయ్యగారూ. పాతకాలం పనితనంతో, మేకులు లేకుండా. బెన్నీ కబడ్డీ కప్పులు పెట్టడానికి."

బెన్నీ సంగతి పున్నయ్య పేపర్లో చదివాడు. ఇరవై రెండేళ్ళవాడు. ఆటలో ఓడించాడన్న కక్షతో పట్టపగలు భట్టిప్రోలు బస్టాండులో నరికేశారు.

"మెడ మీద మూడు వేట్లు. నా ఎదురుగానే," అంది రూతు. "చూసినోళ్ళు యాభైమంది ఉంటారు. కోర్టులో చెప్పేది మాత్రం నేనొక్కదాన్నే. అందుకే ఊళ్ళో ఉండనివ్వట్లేదు. బాపట్లలో మా చెల్లెలింట్లో ఉంటున్నా. ఎవరడిగినా చెప్పకండి."

ఆ తల్లి ముఖం పున్నయ్యని వదల్లేదు. పగుళ్ళు లేని చెక్క ఏరి తెచ్చాడు. తలుపులకు రెండుసార్లు చిత్రిక పట్టాడు. వేరే పనులన్నీ పక్కన పెట్టాడు.

"చచ్చినోడికి గుడి కడతన్నావేంట్రా?" జాన్సన్ అతని చొక్కా పట్టుకున్నాడు. "అది బోనెక్కితే నా కొడుక్కి యావజ్జీవం పడుద్ది. ఎక్కడుందో చెప్పు!"

"నాకు తెలీదు."

మిగతా ఇద్దరూ పున్నయ్య ఎడమచేతిని బల్లకేసి అదిమారు. జాన్సన్ కొయ్యసుత్తి అందుకున్నాడు.

"ఎక్కడుంది?"

"తెలీదన్నాగా."

సుత్తి దిగింది. చిటికెనవేలు నలిగిపోయింది. పున్నయ్య కేక వీధి చివరిదాకా వినిపించింది.

"ఇప్పుడు తెలిసిందా?"

పున్నయ్య తల అడ్డంగా ఊపాడు. రెండో వేలు. మూడోది.

అప్పుడు అతని కుడిచేతికి ఉలి తగిలింది. ఉన్న బలమంతా కూడగట్టి జాన్సన్ తొడలో దించాడు. రంపపు పొట్టు మీద నెత్తురు చిమ్మింది. పక్క కొట్లవాళ్ళు కర్రలతో పరిగెత్తుకొచ్చారు.

"కోర్టు మెట్ల మీదే దాని పీక కోస్తా!" కుంటుకుంటూ పారిపోయాడు జాన్సన్.

పోలీసులు కేసు రాసి జాన్సన్ని అరెస్టు చేశారు. వారం తిరక్కుండానే అతను బెయిలు మీద బయటికొచ్చాడు.

విషయం తెలిసి రూతు వచ్చింది. కట్టు కట్టిన పున్నయ్య చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"నా వల్లేనన్నయ్యగారూ. ఇంక బీరువా వద్దులెండి."

"ఇప్పుడాపితే వాడు గెలిచినట్టేనమ్మా," అన్నాడు పున్నయ్య.

ఒక్క చేత్తో పని నడిపాడు. నొప్పి వచ్చినప్పుడల్లా పళ్ళు బిగించాడు. కొత్త అద్దాలు పెట్టించాడు. వాయిదా రోజు పొద్దున్నే బీరువాని ట్రాలీ ఆటోలో ఎక్కించాడు.

"ఎక్కడ దించమంటావమ్మా?"

"భట్టిప్రోల్లో, బెన్నీ వాళ్ళ నాయనమ్మ దగ్గర. నేను ఆ ఊళ్ళో అడుగుపెడితే చంపేస్తారు."

ఆటో అటు వెళ్ళింది. పున్నయ్య రూతుకి తోడుగా తెనాలి కోర్టుకి బస్సెక్కాడు.

జాన్సన్ అన్నంత పనీ చేశాడు. కోర్టు మెట్ల దగ్గర కాపు కాసి, రూతు జుట్టు దొరకబుచ్చుకుని ఈడ్చాడు. ఆమె తల రాతిమెట్టుకి కొట్టుకుంది. జేబులోంచి చాకు తీసి పొడిచేలోగా పున్నయ్య అతని మీద పడ్డాడు. చాకు పున్నయ్య భుజాన్ని చీరేసింది. కానిస్టేబుళ్ళు జాన్సన్ని లాక్కెళ్ళారు.

"ఆసుపత్రికి పోదాం పదమ్మా," అన్నాడు పున్నయ్య.

"సాక్ష్యం చెప్పాకే."

నుదుటి మీద నెత్తురు కొంగుతో తుడుచుకుంటూ రూతు బోనెక్కింది. నరికిందెవరో చూపించమన్నారు. ఎదుటి బోనులో ఉన్న ముద్దాయి వైపు వేలు చూపింది. ఆ కుర్రాడు తల దించుకున్నాడు.

"ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు కదమ్మా. అతనేనని ఎలా గుర్తుపట్టారు?" అడిగాడు సర్కారు లాయరు.

పున్నయ్య భుజం పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

"వాణ్ణి కన్నది నేనేనండి."