ఎనభై నాలుగు గ్లాసుల రాగి జావ

హేమంత్‌కు అర్జెంటుగా ఒక జబ్బు కావాల్సి వచ్చింది.

హైటెక్ సిటీలో అతను పనిచేసే కంపెనీ, ఇకమీదట వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాల్సిందేనని మెయిల్ పెట్టింది. ప్రగతి నగర్ నుంచి రోజూ ఆ ట్రాఫిక్‌లో పడి వెళ్లొస్తే మనిషి పిప్పి అయిపోతున్నాడు. ఎనిమిది గంటలు పడుకున్నా నీరసమే. అయితే పెద్ద జబ్బుకు వైద్యం చేయించుకునేవాళ్లు, అది పూర్తయ్యేదాకా ఇంటి నుంచే పని చేసుకోవచ్చని మెయిల్ అడుగున ఉంది. అది చదవగానే పక్క ఫ్లాట్ లక్ష్మీనారాయణ గుర్తొచ్చాడు.

లక్ష్మీనారాయణది కాకినాడ. గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయనకు హెపటైటిస్ సి. రెండు మందులు కలిపిన మాత్రను రోజుకు ఒకటి చొప్పున పన్నెండు వారాలు వాడాడు. మూడు నెలలు ఆగి రక్తపరీక్ష చేస్తే వైరస్ పోయిందో లేదో తేలుతుందన్నాడు డాక్టర్. కలిసి తింటే అంటుకోదని ఆ డాక్టరే నెత్తీ నోరూ బాదుకున్నా వినకుండా, ఆయన భార్య బాలాత్రిపురసుందరి మొగుడి కంచం, గ్లాసు బాల్కనీలోకి మార్చేసింది. మూడు పూటలా ఆయన భోజనం అక్కడే, పావురాలతో పాటు.

"రిపోర్టులో వైరస్ ఉన్నట్టే వస్తుందయ్యా హేమంతూ," అన్నాడాయన ఒకరోజు గొంతు తగ్గించి. "మేనల్లుడి పెళ్లి హడావిడిలో నాలుగు రోజులు మాత్రలు మింగలేదు. మీ ఆంటీకి తెలిస్తే చంపేస్తుంది. ఇక జన్మంతా నాకు ఆ బాల్కనీయే గతి."

హేమంత్‌కు పాపం అనిపించింది. ఆ వెనకాలే ఐడియా కూడా వచ్చింది.

ఆయన పరీక్ష రోజునే తనకూ ఒకటి బుక్ చేసుకున్నాడు. ల్యాబ్ నుంచి వచ్చిన అశ్విని, లక్ష్మీనారాయణ హాల్లోనే ఇద్దరినీ కూర్చోబెట్టింది. రక్తం చూడలేనని ఆంటీ వంటింట్లోకి పోయి తలుపేసుకుంది.

"జర పిడికిలి గట్టిగ పట్టుండ్రి సార్. ఆఁ, అయిపోయింది. ఇగ ఫికర్ లేదు."

అశ్విని రెండు ట్యూబులకూ పేర్ల స్టిక్కర్లు అంటించి స్టాండులో పెట్టిందో లేదో, కింద నుంచి వాచ్‌మన్ కేకలు. ఆమె స్కూటీ గేటుకు అడ్డంగా ఉందట. పరిగెత్తింది. లక్ష్మీనారాయణ బాత్రూంలోకి వెళ్లాడు. హేమంత్ గోళ్లతో స్టిక్కర్లు ఊడదీసి, ఆయనది తన ట్యూబుకు, తనది ఆయన ట్యూబుకు అంటించేశాడు. పుట్టి బుద్ధెరిగాక అంత వేగంగా ఏ పనీ చేసి ఎరగడు.

అశ్విని తిరిగొచ్చి, చేతులు కడుక్కోవడానికి వెళ్తూ, "సార్, మీ ఆధార్ జిరాక్స్ కావాలె," అంది. హేమంత్ తన ఫ్లాట్‌కు వెళ్లి తెచ్చేసరికి లక్ష్మీనారాయణ కుర్చీలో బుద్ధిగా కూర్చుని చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటున్నాడు.

మూడో రోజు రిపోర్టులు వచ్చాయి. హేమంత్ పేరు మీద లక్షల కొద్దీ వైరస్. లక్ష్మీనారాయణ పేరు మీద ఒక్కటీ లేదు.

హెచ్‌ఆర్ ప్రియాంక వీడియో కాల్‌లో కళ్లు తుడుచుకుంది. "ఆఫీసు గురించి అస్సలు ఆలోచించకు హేమంత్. ట్రీట్‌మెంట్ మీదే ఫోకస్ పెట్టు." పన్నెండు వారాలు ఇంటి నుంచే పని! కంపెనీ బీమా పుణ్యమా అని మందులు కూడా గుమ్మంలోకే వచ్చాయి. మూడు సీసాలు, సీసాకు ఇరవై ఎనిమిది మాత్రలు.

పక్క ఫ్లాట్‌లో పండగే పండగ. బాల్కనీలోని కంచం డైనింగ్ టేబుల్ ఎక్కింది. ఆంటీ మొగుడికి కొసరి కొసరి వడ్డిస్తుంటే చూసి హేమంత్‌కు ముద్ద దిగలేదు. ఈ పెద్దమనిషి ఒంట్లో జబ్బు అలాగే ఉంది. మందు పడకపోతే లివర్ పాడైపోతుంది. చెబితే తన ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఆయన ప్రాణం పోతుంది. ఛీ, ఏం బతుకు నాది అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రాగి జావ కాచాడు. మాత్ర మెత్తగా నూరి కలిపి, మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కలు వేసి, పక్క ఫ్లాట్ బెల్లు కొట్టాడు.

"ఏంటయ్యా ఈ చేదు?" మొహం చిట్లించాడు లక్ష్మీనారాయణ.

"ఆర్గానిక్ అంకుల్. అట్లే ఉంటాది. గమ్మున తాగేయండి."

ఎందుకో గానీ, ఆయన మారు మాట్లాడకుండా తాగాడు. ఆ రోజే కాదు, రోజూ తాగాడు. పైగా, "నువ్వు నీ మందులు వేళకు మింగుతున్నావా నాయనా?" అని కళ్లలో నీళ్లు తిప్పుకునేవాడు. ఆంటీ తనూ రుచి చూస్తానంటే హేమంత్ గ్లాసు లాక్కున్నాడు. ఒకరోజు ఆయన చెప్పాపెట్టకుండా అన్నవరం బయల్దేరితే, మియాపూర్ దాకా వెంటపడి బస్సు కిటికీలోంచి జావ అందించాడు. బస్సులో వాళ్లంతా, ఈ రోజుల్లో ఇలాంటి కొడుకు ఉంటాడా అని మెచ్చుకున్నారు.

ఎనభై నాలుగో గ్లాసు అయిన రెండు రోజులకు లక్ష్మీనారాయణ ఒక కాగితం పట్టుకుని వచ్చి, హేమంత్ ఫ్లాట్ తలుపు దగ్గరగా వేశాడు.

"ఎవరికీ తెలియకుండా ఇంకో ల్యాబ్‌లో పరీక్ష చేయించుకున్నానయ్యా. వైరస్ లేదు! మందు పడకుండా ఎలా పోయిందో ఆ సత్యదేవుడికే తెలియాలి. నాకైతే నీ జావ మహిమే అనిపిస్తోంది."

హేమంత్‌కు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మాత్రలు పనిచేశాయి! ఒక నిండు ప్రాణం నిలబెట్టాడు. ఇక దాచడం ఎందుకు?

"అంకుల్, మీకు ఒక నిజం చెప్పల్ల..."

"ముందు నన్ను చెప్పనీ బాబూ, నీకు దణ్ణం పెడతాను." లక్ష్మీనారాయణ అతని రెండు చేతులూ పట్టుకుని బావురుమన్నాడు. "ఏ జబ్బూ లేని పిల్లాడివి, నా మూలాన పన్నెండు వారాలు మందులు మింగావు. ఆ రోజు నువ్వు ఆధార్ కోసం వెళ్లినప్పుడు, మీ ఆంటీకి భయపడి, ఆ రెండు ట్యూబుల స్టిక్కర్లూ దీనిది దానికి, దానిది దీనికి మార్చేశానయ్యా!"

హేమంత్ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు: తను ఒకసారి మార్చాడు, ఈయన ఇంకోసారి.